భాష నేర్పే పద్ధతులు: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం భాషా బోధన గురించే. ఒకే సందేహాన్ని నలుగురైదుగురు అడిగిన చోట కలిపి ఒకే ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లీషు చెబుతున్నాను. శిక్షణ తరగతుల్లో కమ్యూనికేటివ్ పద్ధతే సరైనదని చెప్పారు. మా సీనియర్లేమో వ్యాకరణం చెప్పి అనువాదం చేయిస్తేనే పునాది గట్టిపడుతుందంటారు. రెండింట్లో ఏది మేలు? – ఒక ఉపాధ్యాయిని

జవాబు: రెండూ వేర్వేరు అవసరాల కోసం పుట్టినవి. వ్యాకరణ–అనువాద పద్ధతి ఐరోపా బడుల్లో లాటిన్, గ్రీకు గ్రంథాలు చదివించడానికి స్థిరపడింది. ఆ భాషల్లో పిల్లవాడు ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు, పుస్తకం అర్థమైతే చాలు. 19వ శతాబ్దంలో జీవద్భాషలకూ అదే పద్ధతి వాడేసరికి, ఏళ్ల తరబడి చదివినవాళ్లు కూడా నోరు విప్పలేకపోయారు. దానికి ఎదురుగా వచ్చింది ప్రత్యక్ష పద్ధతి. నేర్చుకునే భాషలోనే అంతా చెప్పాలి, అనువాదం కూడదు అన్నది దాని నియమం. 1878లో అమెరికాలో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ మొదలుపెట్టిన బడులు ఆ దారిలోనే పేరు తెచ్చుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి కొద్ది నెలల్లోనే పరభాష మాట్లాడగలవాళ్లు కావలసి వచ్చారు. ఆ అనుభవం నుంచి, నమూనా వాక్యాలను పదేపదే పలికించే శ్రవణ–భాషణ పద్ధతి ఎదిగింది. వాక్యం తప్పుల్లేకుండా కట్టడం వేరు, ఎవరితో ఎప్పుడు ఏం అనాలో తెలియడం వేరు అని 1970ల్లో డెల్ హైమ్స్ వంటి భాషావేత్తలు చూపించాక, నిజమైన అవసరం కల్పించి మాట్లాడించే కమ్యూనికేటివ్ పద్ధతి ముందుకొచ్చింది.

ఒకే పాఠాన్ని నాలుగు రకాలుగా చెప్పి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. భూతకాలం తీసుకుందాం.

వ్యాకరణ–అనువాద పద్ధతిలో నల్లబల్ల మీద సూత్రం, పక్కన గో–వెంట్–గాన్ పట్టిక, ఆ తర్వాత పది తెలుగు వాక్యాలకు అనువాదం. పిల్లలు పది వాక్యాలు రాస్తారు, ఒక్కటీ పలకరు. మేలేమిటంటే, రూపానికీ అర్థానికీ ఉన్న సంబంధం తేటగా తెలుస్తుంది. టీచరు ధారాళంగా మాట్లాడలేకపోయినా పాఠం నడుస్తుంది. కీడేమిటంటే, పిల్లవాడు మాటకు మాట పెట్టడానికి అలవాటు పడతాడు. ‘నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు’ అనే వాక్యం ‘టు మీ టూ బ్రదర్స్ ఆర్’ అయ్యేది అందుకే.

ప్రత్యక్ష పద్ధతిలో టీచరు తలుపు తీస్తూ ‘ఐ యామ్ ఓపెనింగ్ ది డోర్’ అంటారు. తీశాక ‘ఐ ఓపెన్డ్ ది డోర్’ అంటారు. కళ్లెదుట జరిగే పనులకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. కానీ ‘ఆల్‌దో’, ‘ఆనెస్టీ’ లాంటి మాటలు వచ్చేసరికి సైగలతో పది నిమిషాలు గడిచిపోతాయి, అప్పటికీ సగం మంది వేరే అర్థం పట్టుకుంటారు. పైగా టీచరుకు ఆ భాష తడుముకోకుండా రావాలి, తరగతిలో పిల్లలు తక్కువగా ఉండాలి.

శ్రవణ–భాషణ పద్ధతిలో టీచరు ‘ఐ వెంట్ టు స్కూల్’ అంటే తరగతి అంతా అంటుంది. ‘మార్కెట్’ అని టీచరు మాట అందిస్తే ‘ఐ వెంట్ టు ది మార్కెట్’ అంటుంది. నోరు తిరుగుతుంది, ఉచ్చారణ కుదురుతుంది. అర్థం పట్టకుండానే అన్నీ సరిగ్గా అనేయడం ఇందులోని లోపం.

కమ్యూనికేటివ్ పద్ధతిలో ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, నిన్న సాయంత్రం 4 నుంచి 8 దాకా ఎవరేం చేశారో ఒకరినొకరు అడగమంటారు. ఇద్దరూ ఒకే పని చేసిన సమయం ఏదో కనిపెట్టాలి. అడగడానికి నిజమైన కారణం ఉంటుంది కనుక పిల్లలు మాట్లాడతారు. అయితే ‘యెస్టర్‌డే, ఫైవ్, ప్లే’ అన్నా పని జరిగిపోతుంది. భూతకాలం నేర్పడానికి పెట్టిన పనిలో భూతకాలమే కనిపించకుండా పోవచ్చు. మీ సీనియర్ల భయం ఇదే, అది న్యాయమైన భయం.

అందుకని 45 నిమిషాల పీరియడును ఇలా నడపండి. మొదటి 8 నిమిషాలు భూతకాల క్రియలు ఎక్కువగా ఉన్న చిన్న గద్యం చదివి అర్థం చేసుకోవడం. తర్వాత 5 నిమిషాలు అందులోని క్రియలను పిల్లలచేతే ఏరించి, సూత్రాన్ని తెలుగులోనే రెండు వాక్యాల్లో చెప్పడం. 4 నిమిషాలు పలికించడం. 15 నిమిషాలు పైన చెప్పిన జంట పని. 8 నిమిషాలు ఆ పనిలో విన్న తప్పులను బల్ల మీద దిద్దుకోవడం. చివరి 5 నిమిషాలు తోటివాడు చేసిన పనుల గురించి మూడు వాక్యాలు రాయడం. సూత్రం వినగానే పిల్లలకు దానితో పని పడాలి. పనిలో దొర్లిన తప్పుకు అదే పీరియడులో జవాబు దొరకాలి. ఈ రెండూ ఉంటే పద్ధతి పేరేదైనా ఇబ్బంది లేదు.

ఏ పద్ధతినైనా తూచడానికి సులువైన మార్గం ఒకటుంది. వెనక వరసల్లో మధ్యగా కూర్చునే ఒక విద్యార్థిని ఎంచుకోండి. సహోద్యోగిని కూర్చోబెట్టి, నిమిషానికొకసారి ఆ విద్యార్థి ఏం చేస్తున్నాడో రాయమనండి: అర్థం చేసుకుంటూ వింటున్నాడా, మాట్లాడుతున్నాడా, చదువుతున్నాడా, సొంతంగా రాస్తున్నాడా, బల్ల మీద ఉన్నది ఎక్కించుకుంటున్నాడా, ఊరికే ఉన్నాడా. చివరి రెండూ కలిపి 20 నిమిషాలు దాటితే, ఆ పాఠం ఏ పద్ధతిలో జరిగినా ఆ పిల్లవాడికి అందలేదన్నమాట.

ప్రశ్న: ఇంగ్లీషు పీరియడులో తెలుగు అసలు మాట్లాడకూడదా? – ఇద్దరు ఉపాధ్యాయుల ప్రశ్న

జవాబు: మాట్లాడవచ్చు. ఎంతసేపు, దేనికి అన్నదే చూసుకోవాలి. కొత్త మాట అర్థం చెప్పడానికి ‘నడుమ తెలుగు’ బాగా పనిచేస్తుంది: ముందు ఇంగ్లీషు మాట, వెంటనే మెల్లగా తెలుగు అర్థం, మళ్లీ ఇంగ్లీషు మాట. మూడు సెకన్లలో అయిపోతుంది, పిల్లవాడి చెవిలో చివరగా మిగిలేది ఇంగ్లీషే. వ్యాకరణ సూత్రం, కష్టమైన పనికి సూచన, ఇలాంటి వాటికీ తెలుగు పనికొస్తుంది. చెడేది ఎక్కడంటే, ప్రతి ఇంగ్లీషు వాక్యం వెనకా తెలుగు వాక్యం చెప్పే అలవాటు దగ్గర. రెండోది ఎలాగూ వస్తుందని తెలిశాక పిల్లలు మొదటిది వినడం మానేస్తారు. కూర్చోండి, పుస్తకం తీయండి, జంటలుగా మారండి లాంటి రోజువారీ మాటలు ఓ ఇరవై ఎంచుకుని వాటిని ఎప్పుడూ ఇంగ్లీషులోనే చెప్పండి.

ప్రశ్న: తరగతిలో అందరూ కలిసి వాక్యాలు చక్కగా పలుకుతారు. విడిగా ఒకరిని లేపి అడిగితే నోరు పెగలదు. లోపం ఎక్కడుంది? – ఒక ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయుడు

జవాబు: మీ డ్రిల్లులో, అంటే నమూనా వాక్యాలను పదేపదే పలికించడంలో. దాన్ని పరీక్షించడానికి అర్థం లేని మాట ఒకటి కల్పించి పెట్టండి. ‘ఐ వాంట్ ఎ డీబూ’ అన్నాక ‘షీ’ అని అందిస్తే తరగతి అంతా ‘షీ వాంట్స్ ఎ డీబూ’ అంటుంది. డీబూ అంటే ఏమిటో ఒక్కరూ అడగరు. అర్థం లేకున్నా నడిచే డ్రిల్లు నోటికి మాత్రమే వ్యాయామం. అసలు సంభాషణలో పిల్లవాడు ఏం చెప్పాలో తానే తేల్చుకోవాలి, మాట వెతుక్కోవాలి, రూపం ఎంచుకోవాలి. డ్రిల్లులో ఈ మూడూ మీరే చేసి పెడుతున్నారు.

వల్లెవేయడం వద్దని మేం అనం. పద్యం కంఠస్థం చేసిన పిల్లల నాలుక ఎంత చక్కగా తిరుగుతుందో తెలుగు టీచర్లందరికీ తెలుసు. కాకపోతే అది మెట్లలో మొదటిది. ఇలా ఎక్కించండి.

మొదటి మెట్టు, అందరూ కలిసి పలకడం. రెండు మూడు నిమిషాలు చాలు. పొడుగు వాక్యాన్ని చివరి నుంచి కట్టుకు రండి: ‘యెస్టర్‌డే’, ‘టు స్కూల్ యెస్టర్‌డే’, ‘ఐ వెంట్ టు స్కూల్ యెస్టర్‌డే’. మొదటి నుంచి విడగొడితే ప్రతి ముక్క చివరా స్వరం పడిపోయి వాక్యం రాగం చెడుతుంది. చివరి నుంచి కడితే నిలుస్తుంది. అందరితో అనిపించాక వరస వరసగా, ఆ తర్వాత నలుగురైదుగురి చేత విడిగా అనిపించండి. గుంపులో పెదవులు మాత్రమే కదిపేవాళ్లు ఇక్కడే దొరుకుతారు.

రెండో మెట్టు, అర్థం తెలిస్తేనే జవాబు చెప్పగల ప్రశ్నలు. ఐదు బొమ్మలు పెట్టి, ‘రవి మార్కెట్‌కు వెళ్లాడా?’ అని ఇంగ్లీషులో అడగండి. బొమ్మలో రవి ఇంట్లో ఉంటే ‘నో, హి డిడ్‌నాట్ గో’ అనాలి. ‘డిడ్‌నాట్ వెంట్’ అనే తప్పు సరిగ్గా ఇక్కడే బయటపడుతుంది. కలిసి పలికినప్పుడు అది ఎప్పటికీ కనిపించదు.

మూడో మెట్టు, అడిగేవారికి జవాబు ముందే తెలియని ప్రశ్నలు. ‘నిన్న రాత్రి ఏం చేశావు?’ అన్నది అలాంటిదే.

ఆ తర్వాత వేగం కోసం ఒకే విషయాన్ని ముగ్గురికి చెప్పించండి. మొదటి శ్రోతకు 4 నిమిషాలు, రెండో శ్రోతకు 3, మూడో శ్రోతకు 2. చిన్న తరగతులకు 2 నిమిషాలు, ఒకటిన్నర, 1 చాలు. శ్రోత మారాలి, విషయం మారకూడదు. మూడోసారికి తడబాటు తగ్గడం మీరే వింటారు. విడిగా లేపి అడిగినప్పుడు మాత్రం కనీసం మూడు సెకన్లు ఆగండి. సాధారణంగా టీచర్లు సెకను కన్నా ఎక్కువ ఆగరు, పిల్లవాడు మాట వెతుక్కునే లోపే ప్రశ్న పక్కవాడికి వెళ్లిపోతుంది.

ప్రశ్న: తరగతిలో 60 మంది. గ్రూప్ వర్క్ అంటే గోల తప్ప ఏమీ జరగడం లేదు. – ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు

జవాబు: ముందు లెక్క చూడండి. 45 నిమిషాల్లో మీ మాట 25 నిమిషాలు పోతే మిగిలేది 20. దాన్ని 60 మందికి పంచితే తలా 20 సెకన్లు. అదే 10 నిమిషాల జంట పని పెడితే తలా 5 నిమిషాల దాకా దక్కుతుంది. కాబట్టి వదులుకోకండి. గ్రూప్ మాత్రం మార్చండి: ఆరుగురు వద్దు, ఇద్దరే. ఆరుగురిలో ఒకరు చేస్తారు, ఒకరు చూస్తారు, నలుగురు కబుర్లు చెప్పుకుంటారు. ఇద్దరైతే బెంచీలు కదపనక్కర్లేదు, దాక్కునే చోటూ లేదు.

గోలకు అసలు కారణం చాలాసార్లు పని స్వభావమే. ‘కాలుష్యం గురించి చర్చించండి’ అంటే చర్చించడానికి పిల్లల దగ్గర ఏమీ ఉండదు. ఇద్దరి దగ్గరా చెరి సగం సమాచారం ఉండాలి. ఒక టైంటేబుల్‌లో 12 గళ్లు ఉంటే, ఎడమవైపు వాళ్ల కాగితంలో 6 ఖాళీ, కుడివైపు వాళ్ల కాగితంలో మిగతా 6 ఖాళీ. చూపించుకోకుండా అడిగి నింపుకోవాలి. మీరు బల్ల మీద మూడు సాయవాక్యాలు రాసి ఉంచండి: ‘వాట్ డు వుయ్ హావ్ ఆన్ మండే ఎట్ టెన్?’ లాంటివి. సమయం 6 నిమిషాలని ముందే చెప్పి బల్ల మీద రాయండి. మొదలుపెట్టే ముందు ఒక జంటను లేపి అందరి ముందూ రెండు గళ్లు నింపించండి. ఈ చివరి పని మరిచిపోతేనే సగం జంటలు ఏం చేయాలో తెలియక తెలుగులోకి జారుకుంటాయి.

జంటలు కూడా కుదరని తరగతి ఉంటే, 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారతంలో భాషా బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు నడిపిన ‘బెంగళూరు ప్రాజెక్టు’ దారి ఉంది. అందులో వ్యాకరణ పట్టికే లేదు. రైళ్ల వేళలు, పటాలు లాంటి వాటి మీద ఆలోచించి తేల్చే పనులు ఉండేవి. గ్రూపులు లేవు. పిల్లలు పిల్లలతో మాట్లాడితే ఒకరి తప్పులు ఒకరికి అంటుతాయని ఆయన అభిప్రాయం. టీచరు ముందు ఒక పనిని తరగతి మొత్తంతో ప్రశ్నలు అడుగుతూ చేయిస్తారు. తర్వాత అలాంటిదే ఇంకో పనిని ప్రతి ఒక్కరూ సొంతంగా చేస్తారు. కనీసం సగం మంది కనీసం సగం పని సరిగ్గా చేస్తే ఆ పని కాఠిన్యం సరిపోయినట్టు. ఈ చివరి కొలత ఏ పద్ధతిలోనైనా వాడుకోదగినది.

ఆ ప్రభుగారే 1990లో రాసిన వ్యాసంలో, అన్నిచోట్లా పనికొచ్చే ఉత్తమ పద్ధతి అంటూ లేదనీ, తన పాఠం వల్ల నేర్చుకోవడం ఎలా జరుగుతోందో టీచరుకు సజీవమైన నమ్మకం ఉందా అన్నదే ముఖ్యమనీ వాదించారు. మొదటి ప్రశ్న అడిగిన ఉపాధ్యాయినికి కూడా ఈ మాట అందాలి.

ప్రశ్న: మాట్లాడేటప్పుడు తప్పు దొర్లితే వెంటనే దిద్దాలా, వదిలేయాలా?

జవాబు: పాఠం ఏ భాగంలో ఉందో చూసుకోవాలి. డ్రిల్లు జరుగుతుంటే వెంటనే దిద్దండి, అది ఉన్నదే అందుకు. పిల్లవాడు ఏదో చెప్పబోతుంటే ఆపకండి. ఒక చీటీ మీద తప్పులు రాసుకుని, పని అయ్యాక బల్ల మీద ఐదు వాక్యాలు రాయండి. అందులో రెండు సరైనవే ఉండాలి. ఏవి తప్పో పిల్లలనే తేల్చమనండి. పేర్లు చెప్పొద్దు.

ఎలా దిద్దాలన్నది ఇంకా ముఖ్యం. పిల్లవాడు ‘షీ గో’ అంటే మనం ‘అవును, షీ గోస్’ అని సరిచేసి ముందుకు పోతాం. కెనడాలో ఫ్రెంచి మాధ్యమ తరగతులను పరిశీలించి 1997లో లిస్టర్, రాంటా అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, టీచర్ల దిద్దుబాట్లలో సగానికి పైగా ఈ రకమే. అందులో మూడింట ఒక వంతు లోపే పిల్లలు ఏదైనా స్పందన చూపారు. తమ జవాబు సరేనన్నారు అనుకుని మిగతాసార్లు ఊరుకుని ఉండవచ్చు. దానికన్నా ‘షీ...?’ అని ఆగి పిల్లవాడి చేతే పూర్తి చేయించడం ఫలిస్తుంది. అయితే రూపం అసలు తెలియని పిల్లవాడి దగ్గర ఇలా ఆగితే నలుగురిలో చిన్నబోవడమే మిగులుతుంది. అతనికి నేరుగా చెప్పేయండి.

నోట్‌బుక్కుల్లో అన్నీ ఎర్రసిరాతో దిద్దకండి. ఈ వారం భూతకాలం, వాక్యం చివర చుక్క, ఈ రెండే చూస్తామని ముందే చెప్పండి. తప్పు కింద గీత గీసి వదిలేస్తే పిల్లవాడే దిద్దుకుని మళ్లీ చూపాలి. ‘ఎ’, ‘ది’ల తప్పులు చివరగా పోతాయి. తెలుగులో అలాంటి మాటలే లేవు కనుక వాటికి ఏళ్లు పడుతుంది.

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు. తెలుగు చదవడం నేర్పడానికి అక్షరాలు ముందా, పదాలు ముందా? – ఒక తల్లి

జవాబు: ఒకేసారి కొన్ని అక్షరాలు, వాటితో వెంటనే పదాలు. యాభైకి పైగా అక్షరాలు వరసగా అయ్యేదాకా పదం చూపకపోతే, పాప అఆఇఈలు పాటలా చెబుతుంది కానీ మధ్యలో ఒకదాని మీద వేలు పెడితే మొదటి నుంచి అందుకుంటుంది. పదాలనే బొమ్మల్లా గుర్తుపట్టించినా చిక్కే, కొత్త పదం ఎదురైన ప్రతిసారీ ఎవరో చెప్పాలి.

‘అ’ నేర్పడానికి మనం వాడే ‘అమ్మ’నే చూడండి. అందులో మ, దాని కింద ఒత్తు ఉన్నాయి. అప్పటికి ఆ రెండూ నేర్పి ఉండం. పాప చదివేది బొమ్మను.

ప, ల, క, త, డ, గ, ఈ ఆరింటితో మొదలుపెట్టండి. పలక, పడక, పడగ, గడప, తడక, తల, కల, ఇన్ని పదాలు వస్తాయి. గుణింతం లేదు, ఒత్తు లేదు. అక్షరాలను అట్టముక్కల మీద రాసి, పదం పలికి పాపచేత పేర్పించండి. తర్వాత ఒక్క ముక్క మార్చి చదివించండి: పడక, పడగ. రోజుకు 15 నిమిషాలు చాలు. ప–వ, మ–య, డ–ద, ద–ధ లాంటి పోలికున్న జంటలను ఒకే వారంలో ఇవ్వకండి, ఒకటి స్థిరపడ్డాకే రెండోది. ఱ, ఙ, ఞ చివరికి ఉంచండి.

గుణింతాన్ని క, కా, కి, కీ అని నిలువుగా వల్లెవేయించే ముందు అడ్డంగా చూపించండి: కా, తా, లా, పా. ఒకే గుర్తు ఒకే స్వరం ఇస్తుందని అప్పుడు పట్టుబడుతుంది. దీర్ఘం, కొమ్ము వచ్చాయంటే తాత, పాక, కాలు, పాలు, తాడు అన్నీ చదివేస్తుంది. పు, వు, హా, మొ, యొ, ఘొలలో గుర్తు మామూలు చోట, మామూలు రూపంలో ఉండదు. వాటికి వేరే రోజు కేటాయించండి. ఒత్తుల్లోనూ అంతే. త, న, మ, య, ర, ల ఒత్తులు తల్లి అక్షరాన్ని పోలి ఉండవు కనుక విడిగా నేర్పాలి. మిగతావాటిలో చాలావరకు అక్షరాన్ని చూస్తే పోల్చుకోవచ్చు.

ఇదే క్రమం ఇంగ్లీషుకు పూర్తిగా సరిపోదు. అక్కడా ధ్వనులతో మొదలుపెట్టడమే మేలు కానీ ‘వన్’, ‘సెడ్’, ‘వాజ్’ లాంటివి స్పెల్లింగును బట్టి పలకలేం. వాటిని వారానికి రెండు మూడు చొప్పున మొత్తం పదంగానే గుర్తుపట్టించాలి.

ప్రశ్న: రోజుకు ఎన్ని కొత్త మాటలు నేర్పవచ్చు? మరునాటికి మరిచిపోతున్నారు.

జవాబు: పీరియడుకు ఎనిమిది. ఎన్నని కాదు, ఏవని ముందు చూసుకోండి. ఇంగ్లీషు బోధన నిపుణుడు మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన సుమారు 2,000 మాటల పట్టిక మామూలు ఇంగ్లీషు పాఠ్యంలో 80 శాతం దాకా సరిపోతుంది. అరుదైన మాటల మీద సమయం పెట్టే ముందు అలాంటి పట్టికలోవి పూర్తి కావాలి. ‘లెఫ్ట్–రైట్’, ‘లెండ్–బారో’ లాంటి జంటలను ఒకే రోజు ఇవ్వకండి, ఏది ఏదో కలిసిపోతుంది. ఒకటి ఈ వారం, ఇంకొకటి రెండు వారాల తర్వాత.

మరుపు సంగతికొస్తే, మళ్లీ చూపించడం కన్నా మళ్లీ అడగడం పనిచేస్తుంది. చీటీకి ఒకవైపు మాట, వెనకవైపు అర్థం రాయించండి. ఐదు అరల పెట్టె ఒకటి పెట్టండి. మొదటి అర రోజూ, రెండోది రెండు రోజులకు, మూడోది నాలుగు రోజులకు, నాలుగోది వారానికి, ఐదోది నెలకు. సరిగ్గా చెబితే చీటీ తర్వాతి అరలోకి, తప్పితే ఏ అరలో ఉన్నా మొదటి దానికే. చీటీలు పిల్లలే రాసుకోవాలి. అర్థం పక్కన సొంత వాక్యం ఒకటి ఉండాలి. మొదటి అరలో ముప్పైకి మించి చీటీలు చేరాయంటే కొత్త మాటలు ఆపి, అవి తగ్గేదాకా ఆగండి.